నెట్ ఎక్కడ ఆగింది?

పత్తి అమ్ముకోవాలన్నా ముందు ఫోన్ చేతిలోకి తీసుకోవాల్సిన రోజులు వచ్చాయి. భారత పత్తి సంస్థ, అదే మన సీసీఐ, 2025లో కపాస్ కిసాన్ అనే యాప్ తెచ్చింది. రైతు అందులో పేరు నమోదు చేసుకోవాలి, స్లాట్ తీసుకోవాలి, ఆ తేదీకే కొనుగోలు కేంద్రానికి పత్తి తోలుకెళ్లాలి. గుంటూరు మిర్చి యార్డు ఈ-నామ్‌లో చేరి ఏళ్లు గడిచాయి. పంట నమోదుకు ఈ-క్రాప్ ఉంది, రేషన్ బియ్యానికి వేలిముద్ర ఉంది. ఇన్నిటికీ ఆధారం ఒక్కటే, ఆ వేళకు నెట్ నడవడం. నడవకపోతే బల్ల అవతలి మనిషి చెప్పే మాట అందరికీ తెలిసిందే: సర్వర్ డౌన్, రేపు రండి. నిజంగా సర్వర్ దగ్గరే ఇబ్బందా, ఆఫీసులో వైఫై పోయిందా, ఊరి బయట స్తంభం మీద తీగ తెగిందా అని అడగగలిగే మనిషి చాలా ఊళ్లలో లేడు. కంప్యూటర్ నెట్‌వర్కింగ్ మూలపాఠాల గురించి ఈ పూట మాట్లాడుతున్నది ఆ మనిషిని తయారు చేసుకోవడం కోసమే. నా వాదన సూటిగా చెబుతాను. నెట్‌వర్కింగ్ చదువంటే తప్పు ఏ చోట జరిగిందో తేల్చగలిగే చదువు. పేర్లు, కమాండ్లు, సర్టిఫికెట్లు దాని తర్వాతే. ఆ వరసలో నేర్పితే అది గుంటూరు, ప్రకాశం పల్లెలకూ పనికొస్తుంది, హైదరాబాద్ ఉద్యోగానికీ నిలబడుతుంది. వరస తిరగబడితే రెండింటికీ చెడుతుంది.

ఈ చదువుకు ప్రయోగశాల కోసం వెతుక్కోనక్కర్లేదు. ఇంటి ముందు కరెంటు స్తంభం మీద సన్నటి నల్ల తీగ ఉందేమో చూస్తే చాలు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఫైబర్‌నెట్ సంస్థను పెట్టినప్పుడు, భూమి తవ్వి కేబుల్ పాతితే వేల కోట్లవుతుందని లెక్కలు వచ్చాయి. దానికి బదులు కరెంటు స్తంభాల మీదుగా దాదాపు 24 వేల కిలోమీటర్ల ఫైబర్ లాగి, సబ్‌స్టేషన్లలో పరికరాలు పెట్టి, వందల కోట్లలో పని ముగించారు. 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ దాన్ని ప్రారంభించారు. నెలకు 149 రూపాయలకు టీవీ, ఫోను, ఇంటర్నెట్ మూడూ ఇస్తామన్నారు. ఆ పథకం మీద రాజకీయంగా ఎన్ని మాటలైనా ఉండొచ్చు. విద్యార్థికి మాత్రం మొదటి పాఠం అందులోనే ఉంది: ఒకే గాజుపోగులో మూడు పనులు ఒకదానికొకటి అడ్డం రాకుండా ఎలా నడుస్తాయి? పాత టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఇద్దరు మాట్లాడుకుంటుంటే, మధ్యలో మాట ఆగినా సరే, ఆ లైను వాళ్లకే కట్టుబడి ఉండేది. 1960లలో అమెరికాలో పాల్ బారన్, ఇంగ్లండులో డొనాల్డ్ డేవీస్ ఒకరి సంగతి ఒకరికి తెలియకుండానే మరో దారి ఆలోచించారు. సమాచారాన్ని చిన్న చిన్న ముక్కలు చేయాలి, ప్రతి ముక్క మీదా చేరవలసిన చిరునామా వేయాలి, లైను ఖాళీ దొరికినప్పుడల్లా ఎవరి ముక్కనైనా పంపాలి. ఆ ముక్కకు ప్యాకెట్ అని పేరు పెట్టింది డేవీస్. లోపల ఉన్నది సినిమా పాటా, సీసీఐ స్లాటా అన్నది దారిలోని రౌటర్‌కు పట్టదు. చిరునామా చూసి ముందుకు తోస్తుంది, అంతే. మన ఊళ్లలో ఈ మార్పు సెగ ఎక్కువగా తగిలింది కేబుల్ ఆపరేటర్లకు. పాత కేబుల్ టీవీలో ప్రయాణం ఒకవైపే, డిష్ నుంచి టీవీకి. బొమ్మ మసకబారితే యాంప్లిఫయర్ చూసుకుంటే సరిపోయేది. ఇప్పుడు అదే మనిషి రెండు వైపులా ప్యాకెట్లు నడిచే లైనుకు బాధ్యుడయ్యాడు. ఆయన చేతికి క్రింపింగ్ టూలూ, కాంతిని కొలిచే పవర్ మీటరూ వచ్చాయి, పాఠం మాత్రం ఎవరూ చెప్పలేదు.

ఆ పాఠంలో మొదటి మెట్టు వెలుతురు లెక్క. ఇంట్లో బాక్సు మీద లాస్ అనే దీపం ఎర్రగా వెలిగిందంటే, గాజుపోగులోంచి రావలసిన కాంతి అందడం లేదని. సర్వర్‌కూ దానికీ సంబంధమే లేదు. సబ్‌స్టేషన్ వైపు పరికరం పంపే కాంతి రెండు మిల్లీవాట్ల చుట్టుపక్కల ఉంటుంది. ఇంట్లో బాక్సు అందులో వెయ్యో వంతు వచ్చినా చదవగలదు, అంతకన్నా తగ్గితే చదవలేదు. ఆ వెయ్యి రెట్ల తగ్గుదలను ఇంజినీర్లు 30 డెసిబెల్ అంటారు. ఎక్కువగా వాడే ప్రమాణం ప్రకారం దారిలో ఖర్చు పెట్టుకోదగ్గది 28. ఒక పోగును రెండిళ్లకు పంచితే కాంతి సగమవుతుంది, అంటే 3 డెసిబెల్ పోయినట్టు. 32 ఇళ్లకు పంచాలంటే ఐదుసార్లు సగం చేయాలి. 15 అక్కడే పోతుంది, పంచే పరికరం, అంటే స్ప్లిటర్, సొంత నష్టం కలిపితే 17 దాకా వస్తుంది. 20 కిలోమీటర్ల దూరానికి మరో 7. మిగిలింది 4. అతుకులూ కనెక్టర్లూ వంపులూ అన్నీ ఆ నాలుగులోనే సర్దుకోవాలి. హైస్కూలు పిల్లవాడు చేయగల కూడిక ఇది. ఈ కూడిక తెలిసిన ఆపరేటర్, కొత్త కనెక్షన్ కోసం స్ప్లిటర్ వెనక ఇంకో స్ప్లిటర్ తగిలించే ముందు కాసేపు ఆగుతాడు. తెలియనివాడు తగిలించేసి పోతాడు. వీధి చివర ఎవరిదో బాక్సు ఎర్రబడుతుంది, ఆయన కంపెనీని తిట్టుకుంటాడు.

కాంతి చేరాక పంపకం. ఇళ్లకు ఫైబర్ ఇచ్చేచోట మన దేశంలో ఎక్కువగా వాడే పద్ధతి పేరు జీపాన్. ఇళ్లవైపు సెకనుకు దాదాపు 2.5 గిగాబిట్లు వస్తాయి, ఇళ్లనుంచి పైకి అందులో సగం పోతాయి. 32 ఇళ్లూ ఒకేసారి పూర్తిగా లాగితే తలా 78 మెగాబిట్లు. కిందికి వచ్చేది అన్ని బాక్సులకూ చేరుతుంది, ఎవరిది వాళ్లే విప్పుకోగలిగేలా గుప్తలిపిలో ఉంటుంది. చిక్కంతా పైకి పంపడంలో ఉంది. అన్ని ఇళ్లూ ఒకేసారి కాంతి పంపితే పోగులో అంతా కలగాపులగమే. అందుకని సబ్‌స్టేషన్‌లోని పరికరం ఒక్కో ఇంటికీ ఒక్కో వంతు వేస్తుంది, వంతు వచ్చిన బాక్సే మాట్లాడాలి. నాగార్జునసాగర్ కుడి కాలువ కింద సాగు చేసేవాళ్లకు ఇది కొత్త సంగతి కాదు. నీళ్లు చాలని ఏడు అధికారులు పెట్టే వారబందీ ఇదే. అయితే పోలిక ఎక్కడ తెగిపోతుందో చూడాలి, అసలు పాఠం అక్కడుంది. కాలువలో ఎగువ రైతు వంతు దాటి తూము తెరిస్తే దిగువ పొలం ఎండుతుంది, ప్రకాశం వైపు చివరి ఆయకట్టు గోడు అదే. ఫైబర్‌లో దూరపు ఇంటికి తక్కువ వంతు పడదు. పరికరం ప్రతి ఇంటి దూరమూ కాలంతో కొలిచి, ఎవరి కాంతీ మరొకరి వంతులోకి చొరబడకుండా సర్దుతుంది. ఇంకో తేడా ఉంది. కాలువలో వాడని నీరు జలాశయంలో మిగులుతుంది. ఇక్కడ వాడని వంతు ఆ క్షణంతోనే పోతుంది, దాచుకోవడం కుదరదు. కాబట్టి ఊరకున్న ఇంటి వంతును అడిగిన ఇంటికి అప్పటికప్పుడు ఇచ్చేస్తారు. ఒకే ప్లాను మీద తెల్లవారుజామున వేగం ఎక్కువగా, సినిమాల వేళకు తక్కువగా అనిపించడానికి ఈ ఉమ్మడి పంపకం ఒక పెద్ద కారణం. అది తెలిస్తే ఫిర్యాదు కూడా పదునుగా చేయొచ్చు: ఒక పోగు మీద ఎన్ని ఇళ్లు వేశారు అని అడగొచ్చు.

వెలుతురు ఉంది, వంతు ఉంది, అయినా పేజీ తెరుచుకోవడం లేదు. ఇక చిరునామాల సంగతి చూడాలి. ఇక్కడ చేతికి దొరికే పనిముట్టు పింగ్. మైక్ మూస్ అనే ఆయన 1983 డిసెంబరులో రాసిన చిన్న ప్రోగ్రాం, ఇవాళ్టికీ ఏదో ఒక రూపంలో దాదాపు ప్రతి కంప్యూటర్‌లోనూ ఉంది. ముందు ఇంట్లో రౌటర్‌ను పలకరించాలి. అది పలికితే వైఫై బాగున్నట్టే. తర్వాత బయటి చిరునామా ఒకదాన్ని అంకెలతో పలకరించాలి. అదీ పలికితే లైను బాగుంది. ఇక పేరుతో పలకరించాలి. అంకెలకు పలికి పేరుకు పలకకపోతే, పేరును అంకెలుగా మార్చే పట్టికలో, అంటే డీఎన్ఎస్‌లో తేడా ఉంది. ఇవన్నీ దాటి అవతలి వెబ్‌సైటు ఒక్కటే మొరాయిస్తే, అప్పుడు సర్వర్ డౌన్ అన్న మాటకు అర్హత వస్తుంది. ఒక జాగ్రత్త మాత్రం చెప్పాలి. కొన్ని సర్వర్లు పింగ్‌కు కావాలనే జవాబివ్వవు. జవాబు రాలేదు కాబట్టి చచ్చిపోయిందని తీర్మానించడం తొందరపాటు, అదే వెబ్‌సైటును మరో కంపెనీ సిమ్ మీద కూడా తెరిచి చూసి అప్పుడు మాట్లాడాలి. మొత్తం కలిపి రెండు నిమిషాల పని. గుంటూరు చుట్టూ ఉన్న మిర్చి కోల్డ్ స్టోరేజీల్లో సీసీ కెమెరాలు పెట్టిస్తున్నారు కదా, యజమాని ఇంట్లోంచి ఫోన్‌లో చూసుకుంటాడు. ఆ కెమెరాకు తరచుగా ఉండేది 192.168తో మొదలయ్యే లోపలి చిరునామా. బయటి ప్రపంచం నేరుగా దాన్ని చేరలేదు. పాత ఐపీ పద్ధతిలో చిరునామాలు మొత్తం 429 కోట్లే, 2011 ఫిబ్రవరిలో ప్రపంచ నిల్వలో చివరి కట్టలు కూడా పంచేశారు. అందుకే చాలా ఇళ్లు ఒక్క బయటి చిరునామా వెనక దాక్కుని బతుకుతున్నాయి. మరి యజమానికి బొమ్మ ఎలా కనిపిస్తోంది? సాధారణంగా కెమెరా తనంతట తాను కంపెనీ సర్వర్‌కు వెళ్లి కూర్చుంటుంది, యజమాని ఫోనూ అక్కడికే వెళుతుంది. అంటే ఆయన గోదాము బొమ్మలకు ఊరూ పేరూ తెలియని ఒక మధ్యవర్తి ఉన్నాడన్నమాట. యార్డులో కమిషన్ ఎంతని అడిగే మనిషి, ఇక్కడ ఈ మధ్యవర్తి ఎవరని అడగడు. అడగాలని తెలియకపోవడమే కారణం.

ఇక నా వాదనకు అన్నిటికన్నా బలమైన సాక్ష్యం 1986 అక్టోబరులో కాలిఫోర్నియాలో జరిగింది. లారెన్స్ బర్కిలీ ప్రయోగశాలకూ బర్కిలీ విశ్వవిద్యాలయానికీ మధ్య దూరం నాలుగు వందల గజాలు. ఆ రెండింటి మధ్య నెట్‌వర్క్ వేగం సెకనుకు 32 వేల బిట్ల నుంచి 40 బిట్లకు పడిపోయింది. తీగ తెగలేదు, యంత్రం చెడిపోలేదు. అక్కడ పనిచేసే వాన్ జాకబ్‌సన్ కారణం వెతికాడు. రద్దీ పెరిగి ప్యాకెట్ ఆలస్యమవుతోంది. పంపిన కంప్యూటర్ అది పోయిందనుకుని మళ్లీ పంపుతోంది. రెండోదీ క్యూలో చేరి రద్దీ ఇంకా పెంచుతోంది, దాంతో అన్ని కంప్యూటర్లూ ఇంకా ఎక్కువసార్లు పంపుతున్నాయి. లైను నిండా ప్యాకెట్లే, అందులో చాలావరకు నకళ్లు. 1988లో ఆయన ప్రకటించిన మందు వినడానికి విచిత్రంగా ఉంటుంది: జవాబు రాకపోతే తగ్గు. కొద్దిగా మొదలుపెట్టి, జవాబులు వస్తున్నకొద్దీ పెంచు. ప్యాకెట్ పోయిందని తెలిస్తే వేగం బాగా కోసెయ్. మళ్లీ పంపే ముందు ప్రతిసారీ ఎదురుచూపును రెట్టింపు చెయ్. కొత్త తీగ ఒక్కటీ వేయలేదు. పంపేవాళ్ల మర్యాద మార్చారు, ఇంటర్నెట్ నిలబడింది.

దీన్ని తెచ్చి మన పత్తి స్లాట్ల పక్కన పెట్టండి. ఏ యాప్ అయినా సరే, ఫలానా వేళకు స్లాట్లు తెరుస్తామంటే ఆ నిమిషానికి వేల మంది వేళ్లు ఒకే బటన్ మీద ఉంటాయి. చక్రం తిరుగుతూ ఉంటుంది, మళ్లీ నొక్కుతారు, మళ్లీ నొక్కుతారు. జాకబ్‌సన్ మర్యాద ప్యాకెట్లకు నేర్పాడు గానీ వేళ్లకు నేర్పలేదు. ప్రతి నొక్కుడూ సర్వర్‌కు కొత్త విన్నపం, పాతదాని పని ముగియకముందే కొత్తది నెత్తిన పడుతుంది. 1986 నాటి రోగమే ఒక అంతస్తు పైకి ఎక్కింది. రైతును తప్పు పట్టడానికి లేదు. పంట కల్లంలో ఉండి మబ్బు పట్టినప్పుడు ఎవరైనా అంతే తొందరపడతారు. తప్పు యాప్ కట్టినవాళ్లది. ఒకసారి నొక్కాక బటన్ కాసేపు పనిచేయకుండా పెట్టొచ్చు, క్యూలో మీ సంఖ్య ఇదీ అని చూపించొచ్చు, జిల్లాకో వేళ పెట్టి తెరవొచ్చు. ఇవేవీ కొత్త కనిపెట్టుళ్లు కావు, నలభై ఏళ్ల నాటి మూలపాఠానికి కొనసాగింపులు. పెద్ద సర్వర్ కొనాలి, బడ్జెట్ కావాలి అని చెప్పే అధికారి ముందు, కొనక్కర్లేదు, బటన్ మార్చండి అని చెప్పగలిగే యువకుడు ఈ జిల్లాల్లోంచి రావాలి. ఎందుకంటే ఆ నొక్కుడు చూసి పెరిగినవాడు వాడే.

వేగం గురించిన ఒక భ్రమను కూడా ఇక్కడే చెప్పి ముందుకు వెళతాను. మెగాబిట్లు పెంచితే ఆలస్యం తగ్గుతుందని చాలామంది అనుకుంటారు. గాజులో కాంతి సెకనుకు రెండు లక్షల కిలోమీటర్లు పోతుంది. ముంబై సర్వర్ వెయ్యి కిలోమీటర్ల తీగ దూరంలో ఉందనుకుంటే, వెళ్లి రావడానికి కనీసం పది మిల్లీసెకన్లు. అమెరికా అవతలి తీరంలో ఉంటే నూటనలభైకి తగ్గదు. ఎంత ఖరీదైన ప్లాను కట్టినా ఈ సంఖ్యలు కదలవు.

ఇప్పుడు కాలేజీల సంగతి. మన ఇంజినీరింగ్ కాలేజీల్లో, పాలిటెక్నిక్‌లలో ఈ సబ్జెక్టు ఉంది, ఏళ్ల తరబడి చెబుతున్నారు. సాధారణంగా మొదటి ప్రశ్న ఏమిటంటే, ఓఎస్ఐ ఏడు పొరల పేర్లు రాయుము. ఆ ఏడు పొరల నమూనాను అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ 1984లో ప్రకటించింది. అప్పటికే, 1983 జనవరి 1న, ఇంటర్నెట్‌కు ముందుతరమైన ఆర్పానెట్, ఇవాళ్టి ఇంటర్నెట్ నడిచే నియమాలైన టీసీపీ-ఐపీకి మారిపోయింది. అంటే విద్యార్థి బట్టీ పట్టేది ఎవరూ పూర్తిగా కట్టుకుని కాపురం చేయని ఇంటి ప్లాను. పనికిరాదని అనను. రెండో పొర, మూడో పొర అన్న మాటలు ఇంజినీర్ల మధ్య ఇవాళ్టికీ నడుస్తున్నాయి. పొరలుగా ఆలోచించడమే ఈ శాస్త్రానికి ప్రాణం. కానీ పొర అన్నది అనుమానం వేసే క్రమం: కింది పొర బాగుందని తేలాకే పై పొరను అనుమానించాలి. ఎర్ర దీపం వెలుగుతుంటే డీఎన్ఎస్ మార్చేవాడికి ఏడు పేర్లూ వచ్చినా ఒక్క పొర అర్థం కానట్టే. పేరున్న పాఠ్యపుస్తకాల్లోనూ ఈ వరస మీద తగువుంది. టానెన్‌బామ్ కింది తీగ నుంచి పైకి వెళతాడు, కురోస్, రాస్‌లు రోజూ వాడే వెబ్ నుంచి కిందికి దిగుతారు. చాలామంది అధ్యాపకులు రెండో దారిని మెచ్చుకుంటారు. మన పల్లెలకు మాత్రం మొదటిదే నయమని నా అభిప్రాయం, ఎందుకంటే ఇక్కడ చెడేది ఎక్కువగా కిందే. తీగ కళ్ల ముందు వేలాడుతుంటే ఆకాశం నుంచి మొదలుపెట్టడం దేనికి?

దీనికి అభ్యంతరాలు ఉన్నాయి, కొన్ని గట్టివే. ఉద్యోగం ఇచ్చేవాళ్లు సర్టిఫికెట్ అడుగుతారు, మూలాలు కాదు అంటారు. నిజమే, సీసీఎన్ఏ లాంటి సర్టిఫికెట్ ఉంటే ఇంటర్వ్యూ దాకా పిలుపు సులువు. కానీ దాని గడువు మూడేళ్లు, తర్వాత పునరుద్ధరించుకోవాలి. టీసీపీ నియమాల పత్రం 1981 సెప్టెంబరులో వచ్చింది, దాని స్థానంలో కొత్త పత్రం 2022 ఆగస్టులో గానీ రాలేదు. వచ్చినదాంట్లోనూ చాలావరకు సవరణలూ స్పష్టతలే, పునాది అదే. నలభై ఒక్క ఏళ్లు నిలిచినదాన్ని ముందు నేర్చుకుని, మూడేళ్లు నిలిచేదాన్ని దాని మీద కట్టుకోవడం లాభసాటి బేరం. ఇంకొకరు అంటారు, ఇప్పుడంతా మొబైల్ నెట్టే కదా, తీగల గొడవ ఎందుకని. మన ఫోన్‌కూ టవర్‌కూ మధ్య గాలే, టవర్ వెనకాల మళ్లీ చాలాచోట్ల ఫైబరే. ఇంకా కొత్త అభ్యంతరం, కృత్రిమ మేధను అడిగితే చెబుతుంది కదా అన్నది. చెబుతుంది. అయితే నెట్ పోయినప్పుడు దాన్ని అడగడానికీ నెట్టే కావాలి. అది సరే, సరదా పక్కన పెడితే, దీపం ఎర్రగా ఉందో పచ్చగా ఉందో చూసి చెప్పకుండా నెట్ రావడం లేదు అని మాత్రమే అడిగినవాడికి అది పాతిక కారణాల జాబితా ఇస్తుంది. ఆ పాతికను రెండుకు తగ్గించేది మనిషి చూపే.

ఇంగ్లిషు రాకపోతే ఇది కుదరదన్నది పెద్ద భయం. ఇందులో సగం నిజం ఉంది. మూలపత్రాలన్నీ ఇంగ్లిషులోనే ఉన్నాయి. వాటిలో మొదటిది 1969 ఏప్రిల్ 7న స్టీవ్ క్రాకర్ అనే పరిశోధక విద్యార్థి రాసింది, ఈ రోజుకూ ఎవరైనా పైసా ఖర్చు లేకుండా చదువుకోవచ్చు. వాటి దాకా ఎక్కాలంటే ఇంగ్లిషు తప్పదు. కానీ ఎక్కడానికి మొదటి మెట్లు తెలుగులో ఉండకూడదన్న శాసనం లేదు. ప్యాకెట్, రౌటర్, సిగ్నల్ అన్నవి మన నోట ఎప్పుడో తెలుగైపోయాయి, వాటికి సంస్కృత సమాసాలు అల్లనక్కర్లేదు. కావలసింది కార్యకారణ సంబంధం తెలుగులో చెప్పే పాఠం. 2021-22 నుంచి ఇంజినీరింగ్‌ను ప్రాంతీయ భాషల్లో చెప్పడానికి ఏఐసీటీఈ అనుమతిచ్చింది కూడా. ఇక అన్నిటికన్నా మర్యాదైన అభ్యంతరం, రైతుకు ఇదంతా ఎందుకు, బాగు చేయడం కంపెనీ పని అన్నది. ప్రతి రైతుకూ అక్కర్లేదు, ఒప్పుకుంటాను. ఊరికి ఒకరు చాలు. గ్రామ సచివాలయంలో డిజిటల్ అసిస్టెంట్ అనే ఉద్యోగం ఇప్పటికే ఉంది. బాగు చేయడం కంపెనీ పనే, ఏ కంపెనీ పని అన్నది తేల్చడం మాత్రం మన పని. ఫైబర్ ఒకరిది, స్తంభం విద్యుత్ సంస్థది, యాప్ మరొకరిది, సర్వర్ ఇంకొకరిది అయినప్పుడు, తప్పు ఫలానా చోట ఉందని చెప్పలేని ఫిర్యాదు నలుగురి మధ్యా తిరిగి అలిసిపోతుంది.

చివరగా తుపాను సంగతి. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. స్తంభాల మీద ఫైబర్ లాగడం చవకే, కానీ స్తంభం పడితే కరెంటూ నెట్టూ కలిసే పోతాయి. భూమిలో పాతి ఉంటే గాలికి ఇంతగా దెబ్బతినేది కాదు, అయితే ఆ ఖర్చుతో అన్ని పల్లెలకూ ఇన్నేళ్లలో చేరేదీ కాదు. ఏది మేలన్నది ఇంజినీరింగ్ ప్రశ్నే కాదు, ఊరి ప్రశ్న కూడా. పాల్ బారన్ 1964లోనే గీసి చూపించాడు: అన్ని తీగలూ ఒక్క కేంద్రానికి కట్టిన నెట్‌వర్క్‌ను కూల్చడానికి ఒక్క దెబ్బ చాలు. ప్రతి కూడలికీ మూడు నాలుగు దారులు ఉంటే చాలా కూడళ్లు పోయినా మిగతావి మాట్లాడుకోగలవు. మన ఊరి కనెక్షన్ ఒకే దారిలో వస్తోందా, రెండో వైపు నుంచి కూడా చేరుతోందా అన్నది గ్రామసభలో అడగదగిన ప్రశ్న. సచివాలయానికి, సహకార సంఘానికి, ఆసుపత్రికి రెండో దారి అడగడం అత్యాశేమీ కాదు. ఆ ప్రశ్న అడగాలంటే బారన్ పేరు అక్కర్లేదు, ఆ బొమ్మ అర్థమైతే చాలు.

కాబట్టి అధ్యాపకులకు ఒక మనవి. మొదటి తరగతిని గది బయట, స్తంభం కింద చెప్పండి. మీ ఊరి కేబుల్ ఆపరేటర్‌ను పిలిచి పవర్ మీటర్ ఎలా చదవాలో పిల్లలకు చూపించమనండి, బదులుగా ఆ సంఖ్యల వెనక లెక్క మీరు ఆయనకు చెప్పండి. విద్యార్థులకూ ఒక మాట. విండోస్ కంప్యూటర్‌లో కమాండ్ విండో తెరిచి ట్రేసర్ట్ అని కొట్టి, రోజూ చూసే వెబ్‌సైటు పేరు రాయండి. లినక్స్‌లో అయితే దాని పేరు ట్రేస్‌రూట్, దాన్ని మొదట రాసిందీ ఆ జాకబ్‌సనే. మీ ప్యాకెట్ ఏయే రౌటర్ల మీదుగా పోతోందో వరసగా కనిపిస్తుంది, ఒక్కో చోట ఎంత ఆలస్యమో కూడా. అర్థం కాని వరసలు ఉంటాయి, నక్షత్రాలు వస్తాయి. అవి ఎందుకు వచ్చాయో వెతకడం దగ్గర మీ చదువు మొదలుపెట్టండి. ఈసారి మీ ఊళ్లో ఎవరైనా సర్వర్ డౌన్ అంటే, ఏది ఆగిందో రెండు నిమిషాల్లో చూసి, కాగితం మీద రాసి, తేదీ వేసి ఇవ్వండి.